పాదిరి బీడు మీద పచ్చ చుక్కలు

ఇంగ్లండు పల్లె హేజల్‌కూంబ్ జనం దేనికైనా ఒప్పుకుంటారు గానీ, ఎదుటి మనిషి మొహం మీద ‘కాదు’ అనడానికి మాత్రం ఒప్పుకోరు. మీ కుక్క మా కోడిని తినేసిందని చెప్పడానికి వచ్చినవాళ్లు ముందు ఆ కుక్క ఎంత ముద్దుగా ఉందో చెబుతారు, తర్వాత వాన గురించి మాట్లాడతారు, చివరికి కోడి మాటే ఎత్తకుండా ఇంటికి వెళ్లిపోతారు. బయటినుంచి వచ్చినవాళ్లు ఇదంతా చూసి ఎంత మంచి ఊరని మురిసిపోతుంటారు. మంచి ఊరే, ఎవరు కాదన్నారు. ఆ మంచితనమే మెర్విన్ నార్త్‌కాట్ కొంప ముంచింది.

ఈ మెర్విన్ ఏవ్రిల్‌కు తమ్ముడు. ఏవ్రిల్ ఊరి బడిలో పిల్లలకు వండిపెట్టి ఈ మధ్యే రిటైరయింది. ఇద్దరికీ పెళ్లి కాలేదు. చర్చి వెనక సందులో ఒక అద్దె ఇంట్లో ఉంటారు. వాళ్ల నాన్న ఉన్న రోజుల్లో కొండ మీద సొంత పాడి ఉండేది. డెవన్ జిల్లా అంతా పశువులకు గాలికుంటు సోకిన ఏడు, పక్కవాళ్ల మందలో జబ్బు కనపడిందని చెప్పి, ఏ జబ్బూ లేని వీళ్ల ఆవుల్ని కూడా సర్కారు చంపించింది. కొత్తవాళ్లు పట్టుకుంటే బెదురుతాయని మెర్విన్‌నే పట్టుకోమన్నారు. అతను ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచాడు. పిలిచింది మెర్విన్ కాబట్టి అవి నమ్మి నడిచి వచ్చాయి.

ఆ చలికాలంలోనే నాన్న పోయాడు. భూమి అమ్ముడుపోయింది. మెర్విన్ మంచం పట్టాడు. ఒంట్లో రోగమేమీ లేదు, లేవడానికి కారణమే లేదు. అలా మూడేళ్లు గది దాటలేదు. ఏవ్రిల్ ఇంట్లో ఉన్న తుపాకిని పాత కంబళిలో చుట్టి తీసుకెళ్లి పోలీసులకు అప్పజెప్పింది. అయినా సాయంత్రం బడినుంచి రాగానే కోటు విప్పకుండానే మెట్లెక్కి అతని తలుపు తీసి చూసేది. చివరికి అతన్ని లేపింది డాక్టరూ కాదు, మందులూ కాదు. తల్లి చచ్చిపోయిన గొర్రెపిల్లనొకదాన్ని ఎవరో తెచ్చి వీళ్ల వంటింట్లో వదిలారు. దానికి రాత్రనకా పగలనకా సీసాతో పాలు పట్టాలి, ఏవ్రిల్ పనికి పోవాలి. విధిలేక మెర్విన్ మెట్లు దిగాడు. అది పెరిగి మేత మేసే వేళకి, పెద్దబంగళా కర్నల్ గారు ఊరి చివర ఉన్న తన పాదిరి బీడు చూపించి, “ఖాళీగానే ఉంది, వాడుకోవయ్యా” అన్నాడు. కాగితం లేదు, కౌలు లేదు. ఒక గొర్రె మెల్లిగా మందయింది.

అప్పటినుంచి మెర్విన్ తెల్లారగానే లేచేది ఆ బీడు కోసమే. పబ్బుకు పోడు, ఊరి హాలు గడప తొక్కడు. గేటు మీదుగా తల ఊపాడంటే అదే పెద్ద పలకరింపు. అయినా తింటున్నాడు, నిద్రపోతున్నాడు, గొర్రె ఈనితే ఆ పూట రెండు మాటలు ఎక్కువ మాట్లాడుతున్నాడు. ఆ బీడు పోతే తమ్ముడు మళ్లీ మంచం పడతాడని, ఈసారి పడితే లేవడని ఏవ్రిల్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక ఊరి ప్లాను సంగతి. కొన్నేళ్ల కిందట అందరూ కూర్చుని ఒకటి రాసుకున్నారు. అందులో ఎక్కడెక్కడ ఇళ్లు కట్టకూడదో బ్రహ్మాండంగా రాశారు, ఎక్కడ కట్టాలో రాయడం మరిచిపోయారు. ఇప్పుడు జిల్లా కౌన్సిల్‌వాళ్లు కొత్త ఇళ్లకు చోటు చూపించి ప్లాను తిరగరాయండి, లేదంటే బిల్డర్లు తమకు నచ్చినచోట కట్టుకుపోతారు, ఆపడం మా చేతిలో ఉండదు అన్నారు. కమిటీ వేస్తే మొదట చెయ్యెత్తింది ఏవ్రిలే. ఊళ్లో సగం ఇళ్ల తాళాలు లండన్‌వాళ్ల దగ్గరుంటాయి, వేసవిలో తప్ప తెరుచుకోవు. బడిలో పిల్లలు పల్చబడి అన్ని క్లాసులూ ఒకే గదిలోకి వచ్చేశాయి. వంటింట్లో ఆమె చేతికింద పనిచేసిన బెథనీ, మొగుడితో చంటిబిడ్డతో పుట్టింటి దొడ్లో కారవాన్‌లో, చక్రాల బండిలో, కాపురం చేస్తోంది. లోపల చెమ్మకు ఆ బిడ్డకు దగ్గు తగ్గదు. ఇళ్లు కావాలి. ఆ విషయంలో ఏవ్రిల్‌కు ఏనాడూ అనుమానం లేదు.

స్థలం ఇస్తామన్నవాళ్లు కొందరు ముందుకొచ్చారు. బస్టాపు ఎదురుగా ఉన్న చేను ఒకటి, మారియన్ లస్కోంబ్ ఇంటి వెనక పొలం ఒకటి, చర్చి పక్క ఆపిల్ తోట ఒకటి. కర్నల్ గారు పోయాక పోర్చుగల్‌లో స్థిరపడిన ఆయన కూతురు పాదిరి బీడు కూడా ఇస్తానని రాసింది. ఆ ఉత్తరం ఏవ్రిల్ రెండుసార్లు చదివింది. కానీ కమిటీలో అందరూ ఆ మాటను కొట్టిపారేశారు. బీడుకు పోయే దారిలో ఒక ట్రాక్టరే ఇరుకు, వానాకాలం మోకాలి లోతు బురద. ఇళ్లంటే బస్టాపు చేనే అన్నారు. అందుకే ఆమె మెర్విన్‌కు ఏమీ చెప్పలేదు. జరగని దానికి అతన్ని కంగారుపెట్టడం దేనికనుకుంది.

జనం అభిప్రాయం తెలుసుకోవడానికి ఒక శనివారం ఊరి హాల్లో గోడకు పెద్ద మ్యాపు తగిలించారు. ఎక్సెటర్ పట్నంనుంచి ప్లాన్లు రాసిపెట్టే సలహాదారు వచ్చాడు. వచ్చినవాళ్లందరికీ తలా మూడు పచ్చ చుక్కలు ఇచ్చి, ఇళ్లు ఎక్కడైతే బాగుంటాయో అక్కడ అంటించమన్నారు. ఏవ్రిల్ పొద్దున్నే పోయి పెద్ద టీ బాయిలరు వెలిగించింది, స్కోన్ రొట్టెలకు జామ్ రాసింది. ఆ ఊళ్లో టీ పని ఎప్పుడూ ఆమెదే. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు, అలా అయిపోయిందంతే.

మధ్యాహ్నానికి హాలు కిటకిటలాడింది. మారియన్ హాలు వంటింటి కిటికీలోంచి తల లోపలికి పెట్టింది. ఇద్దరూ చిన్నప్పటినుంచీ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్లు.

“నువ్వు ఈ కప్పులు వదిలి బయటికి వచ్చేదెప్పుడు గానీ, నీ చుక్కలు ఇలా పడెయ్యి. నేను అంటించి పెడతా” అంది.

“మూడూ బస్టాపు చేలో అంటించు” అంది ఏవ్రిల్, చేతులు తుడుచుకుని చుక్కలు ఇస్తూ. “అటూ ఇటూ పోనివ్వకు.”

“ఏం, నాకు కళ్లు కనపడవనుకున్నావా?” అని నవ్వి మారియన్ వెళ్లింది.

కప్పులన్నీ కడిగి, తువ్వాళ్లు ఆరేసి, ఏవ్రిల్ హాల్లోకి వచ్చేసరికి జనం పల్చబడ్డారు. కమిటీ చైర్మన్ రోజర్ ఎండికాట్, బ్యాంకు మేనేజరుగా రిటైరైన పెద్దమనిషి, సలహాదారుతో కలిసి మ్యాపు ముందు నిలబడి ఉన్నాడు. బస్టాపు చేలో అక్కడొకటి ఇక్కడొకటి. తోటలో ఒకటి. మారియన్ ఇంటి వెనక ఒక్కటి కూడా లేదు. పాదిరి బీడు మాత్రం కనపడటమే లేదు, దాని మీద అంత దట్టంగా ఉన్నాయి పచ్చ చుక్కలు. పిల్లలెవరో ఆడుకుంటూ అంటించేశారేమో అనుకుంది ముందు.

“ఒక ఊరు ఇంత ఏకమాట మీద ఉండటం నేను ఇంతవరకూ చూడలేదండీ” అన్నాడు సలహాదారు.

“రోజర్, ఇదేమిటి?” అంది ఏవ్రిల్. “అక్కడ మెర్విన్ ఉన్నాడు కదా.”

రోజర్ మొహంలో బాధ నిజంగానే కనపడింది. “ఉన్నాడు ఏవ్రిల్, ఉన్నాడు. ఆ సంగతి మనం తప్పకుండా గుర్తుపెట్టుకుందాం” అన్నాడు. ఆ మాట అతని నోట ఎంతో మెత్తగా వచ్చింది. ఏవ్రిల్ ఆ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి. ఏదైనా గుర్తుపెట్టుకుంటామన్నారంటే దానికి నీళ్లు వదిలినట్టేనని ఆమెకు తెలుసు.

మర్నాటినుంచి ఆమె గుమ్మానికి తీర్థయాత్ర మొదలైంది. ముందు వచ్చింది మారియన్, నిమ్మకాయ కేకు పట్టుకుని.

“ఆ బీడులో నేను ఒక్కటే అంటించా. ఒట్టు, ఒక్కటే” అంది కూర్చోకుండానే. “బస్టాపు చేలో పెడదామని చెయ్యి ఎత్తానా, పక్కనే రోజర్. నన్ను చూసి నవ్వుతున్నాడు. పొద్దున్న లేస్తే ఆయన కిటికీలోంచి కనపడేది ఆ చేనే. మనిషి అలా నవ్వుతూ ఉంటే మొహం మీద ఎలా అంటిస్తాం చెప్పు?”

“మరి నావి? నావి మూడూ ఏం చేశావు?”

మారియన్ కేకు పళ్లాన్ని బల్ల మీద అటు తిప్పింది, ఇటు తిప్పింది. “అక్కడ అప్పటికే బోలెడు ఉన్నాయి ఏవ్రిల్. ఇంకో మూడు పడితే మాత్రం ఏం తేడాలే అనుకున్నా. నీ చుక్కలు రోజర్ కిటికీ ముందు అంటిస్తే నీకూ బాగుండదు కదా.”

తర్వాత రోజర్ భార్య జామ్ సీసాతో వచ్చింది. వాళ్లాయన మారియన్ ఇంటి వెనక అంటించాలనుకున్నాడట, తీరా చూస్తే మారియనే అక్కడ నిలబడి పలకరించిందట. మ్యాపులో ఆపిల్ తోట ఉన్నవైపు, ఆ తోట పక్కింటి డాక్టరు గారి భార్య కుర్చీ వేసుకుని కూర్చుందట, పాపం పెద్దావిడ. ఇలా ఒకరి తర్వాత ఒకరు. గుడ్లు తెచ్చినవాళ్లు, పూలు తెచ్చినవాళ్లు, ఉత్తచేతులతో వచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లు. అందరిదీ ఒకటే పాట. నేను పెట్టింది ఒక్కటే, ఒక్కదానితో ఏమవుతుందిలే అనుకున్నాను. మ్యాపు ముందు ఎవరి పొలం దగ్గర వాళ్లు కాపలా కాసినట్టు నిలబడ్డారు. పాదిరి బీడు దగ్గర నిలబడాల్సిన మనిషి లోపల వాళ్ల ఎంగిలి కప్పులు కడుగుతోంది. ఎవరినీ నొప్పించకూడదని ఊరంతా వెతికి వెతికి, ఆ గదిలో లేనివాడి నెత్తిన పెట్టింది.

ఏవ్రిల్ ఎవరి మీదా కేకలు వెయ్యలేదు. వచ్చిన ప్రతి ఒక్కరినీ ఒకటే అడిగింది. “ఇప్పుడు నాతో అన్న మాట మీటింగులో లేచి చెప్పండి. మొహమాటానికి అంటించామని చెప్పండి. అంతే చాలు.”

“తప్పకుండా” అన్నారు అందరూ. “చెప్పకపోతే ఎలా?” అన్నారు. మారియన్ అయితే ఆమె చెయ్యి పట్టుకుని మరీ మాటిచ్చింది. ఏవ్రిల్ ఆ రాత్రి కాస్త నిద్రపోయింది. ఆశ ఎంత పనికిమాలినదో చూడండి, అరవై ఏళ్లుగా వాళ్లమధ్య బతికిన మనిషి కూడా వాళ్ల ‘తప్పకుండా’ను నమ్మింది.

మీటింగు రోజున రోజర్ లేచి, “అసలు విషయంలోకి పోయేముందు, ఆరోజు మనందరికీ అంత చక్కని టీ ఇచ్చిన ఏవ్రిల్‌కు ఒకసారి కృతజ్ఞతలు చెప్పుకుందాం” అన్నాడు. హాలంతా చప్పట్లు. వెనక వరసవాళ్లు లేచి నిలబడి మరీ కొట్టారు. తర్వాత పాదిరి బీడు మాట చదివి, దారి వెడల్పు చేయించుకోవచ్చని చెప్పి, ఎవరైనా ఏమైనా చెప్పాలా అని అడిగాడు.

ఏవ్రిల్ ఆగింది. మారియన్ వైపు చూసింది. మారియన్ సంచిలో దేనికోసమో వెతుక్కుంటోంది. రోజర్ భార్య కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఎవరూ లేవలేదు. ఇక ఏవ్రిలే లేచింది. అందరూ తనకు చప్పట్లు కొట్టిన మరుక్షణం నోరు విప్పడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడు తెలిసింది.

“మా తమ్ముడు అక్కడ గొర్రెల్ని పెట్టుకున్నాడు” అంది. “మీకందరికీ తెలుసు. వాడు పొద్దున లేచేది వాటికోసమే. అవి లేకపోతే వాడు లేవడు. ఆ మూడేళ్లు ఎలా గడిచాయో మీరు చూశారు. మీ అందరికీ ఇళ్లు ఎంత కావాలో నాకూ అంతే కావాలి. వేరేచోట కట్టండి. మీరు నాతో ఏమన్నారో అది ఇక్కడ అనండి, చాలు.”

జనం సిగ్గుతో బిక్కచచ్చిపోయారు. సిగ్గు వాళ్లు చేసినదానికి కాదు, ఒక మనిషి అలా నలుగురిలో గుండె విప్పి పెట్టినందుకు. ఎవరో దగ్గారు. రోజర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“చాలా మంచి మాట చెప్పారు ఏవ్రిల్. మా అందరి మనసులూ కదిలాయి. దాన్ని రాసుకుంటున్నాం” అన్నాడు.

అప్పుడు ముందు వరసలోంచి డాక్టరు గారి భార్య సన్నటి గొంతుతో అంది. “నాకొకటి తోస్తోంది. కొత్త వీధికి వాళ్ల పేరు పెడితే? నార్త్‌కాట్ క్లోజ్ అని. ఆ కుటుంబం ఎప్పటినుంచో ఉంది కదా ఇక్కడ.”

హాలుకు ఊపిరి వచ్చింది. మొహాలన్నీ విప్పారాయి. అప్పటిదాకా నోరు పెగలని వాళ్లందరూ ఒక్కసారి మాట్లాడారు, ఎంత చక్కగా ఉందో అన్నారు, పేరు పలకపై గొర్రె బొమ్మ కూడా వేయిద్దామన్నారు. బీడుకీ పేరుకీ కలిపి చేతులన్నీ లేచాయి. మారియన్ కళ్లు తుడుచుకుంటూ రెండు చేతులూ ఎత్తింది. ఏవ్రిల్ ఇంకా నిలబడే ఉంది. కూర్చోమని ఎవరో మెల్లిగా ఆమె కోటు లాగారు.

ఆ సంగతి మెర్విన్‌కు ఎలా చెప్పాలా అని ఆమె రెండు రోజులు తన్నుకులాడింది. ఈలోగా రోజరే బీడు దగ్గరికి పోయాడు. పేరు పెట్టుకోవడానికి అనుమతి అడగాలి కదా, పద్ధతి తెలిసిన మనిషి. ఆ సాయంత్రం మెర్విన్ బూట్లు విప్పుతూ చెప్పాడు.

“రోజర్ వచ్చాడు. టోపీ తీసి మాట్లాడాడు.”

ఏవ్రిల్ పొయ్యి దగ్గర కదలకుండా నిలబడింది. “ఏమన్నాడు?”

“ఇళ్లు కడతారంట. మన పేరు పెడతారంట.” ఇంకో బూటు విప్పాడు. “నాన్న ఉంటే నవ్వేవాడు.”

“మెర్విన్, ఇంకా అయిపోలేదురా. ప్లాను మీద ఊరంతా ఓటెయ్యాలి. సగం మంది వద్దంటే పోతుంది. నేను ఇంటింటికీ తిరుగుతా.”

“తిరుగుతావులే” అన్నాడు. కోపంగా అనలేదు. అలవాటుగా అన్నాడు, వాన పడుతుందన్నట్టు.

తిరిగింది. ప్రతి గుమ్మంలోనూ కూర్చోబెట్టారు, ప్రతి ఇంట్లోనూ ఆలోచిస్తామన్నారు. ఆఖర్న బెథనీ కారవాన్ మిగిలింది. అక్కడికి పోవాలని ఆమెకు లేదు. బెథనీయే సందు మొదట్లో ఆపింది, బిడ్డను భుజాన వేసుకుని.

“ఏవ్రిల్, మీరు అందరినీ వద్దని వెయ్యమంటున్నారంట. నన్నెందుకు అడగలేదు?” అంది. “మీరు ఒక్క మాట వెయ్యొద్దంటే నేను వెయ్యను. వంటింట్లో నన్ను మీరు ఎలా చూసుకున్నారో నేను మరిచిపోలేదు. చెప్పండి.”

బిడ్డ దగ్గింది. ఒళ్లంతా కదిలేలా దగ్గి, మళ్లీ తల్లి భుజాన వాలింది. బెథనీ నిజంగానే అడుగుతోంది. ఆ ఊళ్లో ఆమెను నిజంగా అడిగిన మనిషి ఆ ఒక్కతే. వద్దు అనాలి. ఒక్క మాట. ఏవ్రిల్ ఆ బిడ్డ వీపు మీద చెయ్యి వేసింది.

“నీకు ఇల్లు కావాలి తల్లీ. వేసుకో” అంది.

ఇంటికి పోయి వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఊరివాళ్లని తిట్టుకోవడానికి కూడా ఇక మొహం లేదు. తనూ ఆ ఊరి మనిషే.

ఓటు రోజున ఒక వింత జరిగింది. ఏవ్రిల్ కోటు వేసుకుంటుంటే మెర్విన్ మెట్లు దిగి వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. నాన్న అంత్యక్రియలప్పటి కోటు తొడుక్కున్నాడు. భుజాల దగ్గర అది వదులై వేలాడుతోంది.

“నేనూ వస్తా” అన్నాడు.

ఇరవై ఏళ్లలో అతను హాలుకు రావడం అదే మొదలు. తమ్ముడు తన బీడు కోసం కదిలాడు. అందరి కళ్లముందూ నడిచి వచ్చి అడ్డం నిలబడుతున్నాడు. ఇంతకాలం ఆమె ఒక్కతే మోసిన బరువుకు అతను చెయ్యి వేశాడు. దారిపొడవునా ఆమె అతని పక్కనే అడుగు కలిపి నడిచింది.

హాలు బయట జనం అతన్ని చూసి చుట్టూ మూగారు. మారియన్ అతని బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది. రోజర్ చెయ్యి కలిపాడు. మెర్విన్ అందరికీ తల ఊపాడు, లోపలికి పోయాడు, దారంతో కట్టిన పెన్సిలు పట్టుకుని గుర్తు పెట్టాడు, కాగితం మడిచి పెట్టెలో వేశాడు. ఏవ్రిల్ పక్క అరలో తన వద్దు మీద గట్టిగా, కాగితం చిరిగేంత గట్టిగా గుర్తు పెట్టింది.

తిరిగి వస్తుంటే చర్చి దాటాక ఆమె ఆపుకోలేకపోయింది.

“మంచి పని చేశావురా. నువ్వు వచ్చి వద్దని వేశాక ఇక వాళ్లకి...”

“సరేనని వేశా” అన్నాడు మెర్విన్.

ఆమె ఆగిపోయింది. అతను రెండడుగులు ముందుకు పోయి, ఆమె రాలేదని గమనించి తిరిగాడు.

“అడిగారు కదా ఏవ్రిల్” అన్నాడు. “టోపీ తీసి, అంత దూరం బురదలో నడిచి వచ్చి అడిగాడు. కాదంటే ఏం బాగుంటుంది? ఆ బెథనీకి చోటు కావాలి. నాకు వయసు అయిపోయింది.” కోటు గుండీలు విప్పుకున్నాడు. “పశువుల సంత వాడికి ఫోను చేసి గొర్రెల్ని తీసుకుపొమ్మను.”

“ఇప్పుడే ఎందుకురా? ఇటుక పడేసరికి ఎంత కాలమో. ఇంకో రెండేళ్లు ఉంచుకోవచ్చు.”

“ఎందుకులే. మధ్యలో అడ్డంగా ఉన్నాననిపించుకోవడం.”

ప్లాను నెగ్గింది. బాగా నెగ్గింది. వద్దన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. వాళ్లెవరో ఏవ్రిల్ ఇప్పటికీ ఊహించలేదు, ఊహించదలుచుకోలేదు. ఆ మంగళవారం సంత వాడి లారీ వచ్చింది. మెర్విన్ వెళ్లలేదు. ఏవ్రిలూ బెథనీ మొగుడూ కలిసి గొర్రెల్ని తోలారు. అవి గేటు వైపే చూస్తూ, ఎక్కమంటే ఎక్కకుండా చాలాసేపు అరిచాయి.

ఆ సాయంత్రం మెర్విన్ తిన్నాడు. మర్నాడు పొద్దున లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు. ఏవ్రిల్ భోజనం పళ్లెం అతని గది గుమ్మం దగ్గర పెట్టి, చల్లారిపోయాక తీసుకొస్తోంది. పిలిస్తే పలుకుతాడు. “ఏం లేదు, పడుకుంటా” అంటాడు. డాక్టరు వచ్చి బిళ్లలు రాసిచ్చి పోయాడు. మెట్ల కింద నిలబడి ఆమె పైన మంచం కదిలిన చప్పుడు కోసం వింటుంది, చప్పుడు రాకపోతే ఒక్కో మెట్టూ ఎక్కి తలుపు సందులోంచి చూస్తుంది, దుప్పటి లేచి పడుతోందో లేదో.

ఆదివారం మారియన్ తలుపు కొట్టింది. గుమ్మంలో నిలబడి మొహమంతా నవ్వుతో వెలిగిపోతూ ఉంది. ఆ నవ్వులో కల్మషం లేదు. ఉంటే ఏవ్రిల్‌కు పని సులువయ్యేది.

“ఓటు రోజున మెర్విన్‌ను చూసి మాకందరికీ ఎంత సంతోషమేసిందో తెలుసా?” అంది. “అంత మందిలోకి వచ్చి, చేతులు కలిపి. మనిషి మళ్లీ మునుపటిలా అయ్యాడు కదూ? నాకైతే గుండె మీద బరువు దిగిపోయినట్టుంది. బాగున్నాడు కదా?”

ఏవ్రిల్ నోటిదాకా వచ్చింది. లేడు. లేవడం లేదు. మీరందరూ కలిసి పడుకోబెట్టారు, అందులో నా మూడు చుక్కలూ ఉన్నాయి. అంత కూడా అక్కర్లేదు, లేడు అన్న ఒక్క మాట చాలు. పైనుంచి ఏ చప్పుడూ లేదు. మారియన్ నవ్వుతూ, జవాబు కోసం చూస్తూ నిలబడి ఉంది.

“బాగున్నాడు మారియన్” అంది ఏవ్రిల్. “అడిగావు, సంతోషం.”